పిండినల్లి మగది ఏకస్థితికమా, ద్వయస్థితికమా?

మీ ప్రశ్నలో ప్రధానంగా రెండు ప్రశ్నలున్నాయి. పిండినల్లిలో ఆడదానికీ మగదానికీ పదేసి క్రోమోజోములుంటాయని ఒక పుస్తకంలోనూ, మగది ఏకస్థితికమని మరొక పుస్తకంలోనూ చదివానని, ఏది నమ్మాలని మీరు అడిగారు. లింగ క్రోమోజోములే లేని పురుగులో మగ, ఆడ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ రెండో సందేహం. ఆ రెండు పుస్తకాల్లో ఏదీ తప్పు చెప్పలేదు. కణంలో క్రోమోజోములు ఒక్క వంతే ఉంటే ఏకస్థితికం, తల్లిదొకటి, తండ్రిదొకటి చొప్పున రెండు వంతులుంటే ద్వయస్థితికం. ఈ మాటల్లో ఒక్కోదాన్నీ మనం అలవాటుగా ఒకే అర్థంలో వాడతాము గాని, ఈ పురుగుల దగ్గరికి వచ్చేసరికి అవి మూడు వేర్వేరు ప్రశ్నలుగా విడిపోతాయి. కణంలో ఎన్ని క్రోమోజోములున్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని తర్వాతి తరానికి చేరుతున్నాయి అని విడివిడిగా అడగాలి. నిమ్మజాతి తోటలను పట్టే ప్లానోకాకస్ సిట్రి అనే పిండినల్లి మగదాని విషయంలో వీటికి వరుసగా 10, 5, 5 అని జవాబు వస్తుంది. ఆడదానిలోనైతే పదీ ఉన్నాయి, పదీ పనిచేస్తాయి, ప్రతి జత నుంచి ఏదో ఒకటి చొప్పున ఐదు కలగలిసి అండంలోకి వెళ్తాయి.

ముందుగా పురుగు సంగతి. మందార కొమ్మల మీద, సీతాఫలం కాయల గీతల మధ్య, ద్రాక్ష గుత్తులలో తెల్లటి పిండి చల్లినట్టు కనిపించేవన్నీ ఆడవి, లేదా పిల్లలు. ఆడదానికి జీవితాంతం రెక్కలు రావు. పిల్లరూపంలోనే పెద్దదై, రసం పీలుస్తూ, మైనపు సంచిలో వందల కొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. మగది ఇంకో పురుగేమో అనిపించేంత వేరుగా ఉంటుంది. రెండు పిల్లదశల తర్వాత అది చిన్న పట్టుగూడు లాంటిది అల్లుకుని, కోశస్థ దశ వంటిదాన్ని దాటి, ఒక జత రెక్కలతో, తోక దగ్గర రెండు పొడవైన తెల్లటి మైనపు పోగులతో బయటికి వస్తుంది. దానికి నోరుండదు, ఒకటి రెండు రోజులు బతికి, ఆడదాన్ని వెతుక్కుని కలిసి పోతుంది. ఇంత తేడా ఉన్న ఈ రెండింటి కేంద్రకాలలో జన్యుపదార్థం మోతాదు సమానమే. అక్కాతమ్ముళ్ళిద్దరూ తల్లి నుంచి ఐదు, తండ్రి నుంచి ఐదు చొప్పున తెచ్చుకుంటారు. మగది పుట్టడానికి తేనెటీగల్లో మాదిరి ఫలదీకరణ జరగని గుడ్డు ఇక్కడ పనికిరాదు. మగ సంతానానికీ తండ్రి ఉండి తీరాలి.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డులో కేంద్రకాలు కొన్నిసార్లు విభజన చెందే వరకు మగ పిండమేదో ఆడ పిండమేదో సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టలేము. పిండం ఇంకా కణాల పొర మాత్రమే అయిన బ్లాస్టులా దశ వచ్చేసరికి మగ కానున్న పిండాలలో తండ్రి నుంచి వచ్చిన ఐదు క్రోమోజోములూ ఒకదాని మీదికి ఒకటి చేరి, బిగుసుకుని, కేంద్రకంలో ఒక మూల నల్లటి ముద్దగా కనిపిస్తాయి. దీన్నే హెటెరోక్రోమాటిన్ ముద్ద అంటారు. తల్లి ఇచ్చిన ఐదూ వదులుగా పరుచుకుని పనిచేస్తుంటాయి. ఆ మగపురుగు శరీరమంతా దాదాపుగా తల్లి జన్యువుల మీదనే నడుస్తుంది. పాసుపుస్తకంలో తండ్రి భూమి కొడుకు పేరునే ఉంటుంది గాని, సాగులో మాత్రం ఉండదు.

పోనీ, ఆ భూమి మనవళ్ళకైనా దక్కుతుందా అంటే అదీ లేదు. మగదాని వృషణంలో శుక్రకణాలు తయారయ్యే తీరు చూస్తే ఇది స్పష్టమవుతుంది. బీజకణాల కోసం క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే మామూలు క్షయకరణ విభజనలో సమజాత క్రోమోజోములు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జోడీలు, జతకట్టి, ముక్కలు మార్చుకుని, తర్వాత విడిపోతాయి. ఇక్కడ తల్లి వంతుకూ తండ్రి వంతుకూ మధ్య జతకట్టడమే ఉండదు, కాబట్టి వినిమయమూ ఉండదు. మొదటి విభజనలో ప్రతి క్రోమోజోమూ నిలువునా రెండుగా చీలుతుంది. రెండో విభజనలో ఒకే ధ్రువం ఉన్న కండె (క్రోమోజోములను లాగే తంతువుల కట్ట) ఏర్పడి, తల్లి వంతు ఐదింటినీ ఒక వైపుకు లాగుతుంది. తండ్రి వంతు ఐదూ ఉన్నచోటనే ముద్దగా మిగిలిపోతాయి. ఒక మాతృకణం నుంచి ఇలా నాలుగు కేంద్రకాలు వస్తే, రెండే శుక్రకణాలుగా సాగుతాయి. మిగిలిన రెండూ, అంటే తండ్రి వంతు ఉన్నవి, కుంచించుకుపోయి కరిగిపోతాయి. అంటే ఒక మగపురుగు విడుదల చేసే శుక్రకణాలన్నీ, ఉత్పరివర్తనలు మినహా, ఒకేలా ఉంటాయి. అన్నిటిలోనూ దాని తల్లి ఇచ్చిన ఐదు క్రోమోజోముల నకళ్ళే ఉంటాయి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా తడబడతారు కనుక ఒకే క్రోమోజోమును పట్టుకుని మూడు తరాలు వెంబడిద్దాము. ఒక ఆడపురుగులో పనిచేస్తున్న క్రోమోజోము ఒకటి ఆమె కొడుకుకు వచ్చిందనుకోండి. అది తల్లి నుంచి వచ్చింది కాబట్టి కొడుకులోనూ పనిచేస్తుంది, అతని శుక్రకణాలన్నింటిలోనూ చేరుతుంది. అతని కూతురిలోకి వెళితే మళ్ళీ మామూలుగానే పనిచేస్తుంది. అతని కొడుకులోకి వెళితే మాత్రం అదే క్రోమోజోము, ఒక్క అక్షరం మారకుండానే, ముద్దకట్టి మూగబోతుంది; ఆ మనవడితోనే దాని వంశం ఆగిపోతుంది. క్రోమోజోములో రాసి ఉన్నదాన్ని బట్టి కాక, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదాన్ని బట్టి దాని గతి తేలుతోంది. దీన్నే నేడు జన్యు ముద్రణ అంటున్నాము. ఆ అర్థంలో ముద్రణ అనే మాటను 1960లో హెలెన్ క్రౌస్ సియారా అనే ఈగ క్రోమోజోముల గురించి రాస్తూ వాడారు. మన క్షీరదాలలో ముద్రణ కొన్ని జన్యువులకే పరిమితం. పిండినల్లి మగదానిలో అది ఒక పూర్తి వంతుకు వర్తిస్తుంది.

ముద్దకట్టేది తండ్రి వంతేనని ఎలా తెలిసింది? మగ పిండినల్లి కణాలలో సగం క్రోమోజోములు నల్లగా బిగుసుకుని ఉంటాయని ఫ్రాంజ్ ష్రాడర్ 1921లోనే సూడోకాకస్ నైపే అనే పిండినల్లి మీద చేసిన పనిలో వర్ణించారు. ఆయనా, శాలీ హ్యూస్-ష్రాడర్ కూడా ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ వర్గాన్నే పట్టుకుని కూర్చున్నారు. పిండినల్లి కూడా చేరిన పొలుసు పురుగుల క్రోమోజోముల గురించి మనకు తెలిసినదాంట్లో పునాది రాళ్ళు చాలావరకు ఆ దంపతులవే. అయితే ఆ సగం తండ్రిదేనన్న నిర్ధారణకు 1961 దాకా ఆగవలసి వచ్చింది. స్పెన్సర్ బ్రౌన్, వాల్టర్ నెల్సన్-రీస్ ఇద్దరూ ప్లానోకాకస్ సిట్రి పురుగులకు ఎక్స్‌కిరణాలు పెట్టి, ఎవరి సంతానం బతుకుతుందో లెక్కించారు. తల్లికి కిరణాలు పెడితే కొడుకులూ కూతుళ్ళూ ఇద్దరూ చనిపోయారు. తండ్రికి పెడితే, మోతాదు పెరిగేకొద్దీ కూతుళ్ళు చనిపోయారు గాని, కొడుకులు బతికారు! తండ్రి ఇచ్చిన క్రోమోజోములు ముక్కలు చెక్కలైనా కొడుక్కి నష్టం లేదు, ఎందుకంటే అతను వాటిని వాడుకోవడం లేదు. పైగా ఆ కొడుకుల కణాలలో విరిగిన ముక్కలు నల్లటి ముద్దలోనే కనిపించాయి. నా అభిప్రాయంలో కణశాస్త్రంలో ఇంత తక్కువ పరికరాలతో ఇంత తేటగా తేలిన ప్రయోగాలు ఎక్కువ లేవు. తరగతిలో దీన్ని మామూలుగా రెండు వాక్యాలతో దాటవేయడం నాకెప్పుడూ అన్యాయమనిపించేది.

ఆ ప్రయోగం సాధ్యం కావడానికి ఈ పురుగుల క్రోమోజోముల నిర్మాణమూ తోడ్పడింది. మనలో ప్రతి క్రోమోజోముకూ ఒక సెంట్రోమియర్ ఉంటుంది. కండె తంతువు అక్కడే తగులుకుంటుంది కనుక, సెంట్రోమియర్ లేని ముక్క విభజనలో దారి తప్పి నశిస్తుంది. పొలుసు పురుగులలో కండె తంతువులు క్రోమోజోము పొడవునా తగులుకోగలవు. అందుచేత విరిగిన ముక్క కూడా స్వతంత్రంగా విభజనలో పాల్గొని తరాల పాటు నిలబడవచ్చు. క్షయకరణ విభజన ఇక్కడ తలకిందులుగా, ముందు క్రోమాటిడ్లు (ఒక క్రోమోజోము నిలువు చీలికలు) విడిపోయి తర్వాత సమజాతాలు విడిపోయేలా జరగడానికీ ఈ నిర్మాణమే వీలు కల్పిస్తుంది. క్రోమోజోముల సంఖ్యలు విపరీతంగా మారడానికీ ఇదే దారి తీసింది. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ చెట్ల మీద బుడిపెలు కట్టే ఏపియోమార్ఫా అనే ఒక్క ప్రజాతిలోనే ద్వయస్థితిక సంఖ్య 4 నుంచి సుమారు 192 వరకు కనిపిస్తుంది. మన లక్క పురుగు సంఖ్య 18.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తండ్రి శుక్రకణాలన్నీ ఒకేలా ఉన్నప్పుడు, అవే శుక్రకణాల నుంచి కొడుకులూ కూతుళ్ళూ పుడుతున్నప్పుడు, లింగాన్ని నిర్ణయించే తేడా శుక్రకణంలో ఉండే అవకాశం లేదు. అది అండంలోనే ఉండాలి. తండ్రి తన క్రోమోజోముల మీద ఒక గుర్తు వేసి పంపుతాడు. ఆ గుర్తును చదవాలా వద్దా అన్నది అండంలోని కణద్రవ్యం తేలుస్తుంది. చదివితే ఆ వంతు ముద్దకట్టి మగది పుడుతుంది; చదవకపోతే ఆడది పుడుతుంది. తల్లి పరిస్థితిని బట్టి మగ, ఆడ నిష్పత్తి మారడం దీనికి బలమిస్తుంది: ప్లానోకాకస్ సిట్రిలో సంపర్కం ఆలస్యమై వయసు మీరిన తల్లులు మగ సంతానాన్ని ఎక్కువగా కంటాయి, ఉష్ణోగ్రత ప్రభావమూ ఉంది. ముద్దకట్టడం ముందా, మగతనం ముందా అన్న తగవు మాత్రం పాతదే. పల్వినేరియా హైడ్రాంజియే అనే మెత్తటి పొలుసు పురుగు అనిషేక జననంతో, అంటే ఫలదీకరణ లేకుండానే, పిల్లలను కంటుంది. అందులో అండకేంద్రకం నుంచి వచ్చిన రెండు కేంద్రకాలు కలిసి ద్వయస్థితికమవుతాయి. తండ్రే లేని అలాంటి పిండాలలో కొన్నింటిలో కూడా ఒక వంతు ముద్దకట్టడాన్ని ఉజీ నూర్ 1963లో చూపించారు. కాబట్టి తండ్రి వేసే గుర్తు అన్నిచోట్లా తప్పనిసరి కాదని, ఒక వంతును పక్కన పెట్టే శక్తి అండానికి స్వతహాగా ఉందని నేను అర్థం చేసుకుంటున్నాను.

ముద్దకట్టే రసాయన యంత్రాంగం ఇతర జీవులకు పరాయిది కాదు. ఈగలలోనూ మనుషులలోనూ హెటెరోక్రోమాటిన్‌ను బిగించే హెచ్‌పీ1 కుటుంబపు ప్రోటీనూ, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద మిథైల్ గుర్తులూ ఇక్కడా పనిచేస్తాయి. ఆ ప్రోటీన్ తయారీని పిండాలలో అడ్డుకుంటే ముద్ద వదులవుతుందని ఇటలీలోని పరిశోధకులు 2007లో చూపారు. మన దేశంలో ఈ రంగానికి మంచి చరిత్రే ఉంది. స్పెన్సర్ బ్రౌన్‌తో కలిసి పనిచేసిన హెచ్. శరత్ చంద్ర బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఈ పనిని నిలబెట్టారు. పిండినల్లి నుంచి నేర్చుకున్న తర్కంతోనే క్షీరదాలలో ఎక్స్ క్రోమోజోము మూగబోయే తీరుకు ఆ ఇద్దరూ 1973లో ఒక నమూనా ప్రతిపాదించారు. కంగారూ వంటి సంచిజంతువుల ఆడవాటిలో మూగబోయేది తండ్రి నుంచి వచ్చిన ఎక్సే అన్న సంగతి గుర్తుంటే, ఆ ఆలోచన ఎక్కడ నుంచి ఎక్కడికి పాకిందో మీకు తెలుస్తుంది. ఆ తర్వాత వాణీ బ్రహ్మచారి, సంజీవ్ ఖోస్లా తదితరులు సీతాఫలాన్ని పట్టే ప్లానోకాకస్ లైలాసినస్ మీద మగదానికే ప్రత్యేకమైన క్రోమాటిన్ భాగాన్ని గుర్తించారు.

మీరు చదివిన రెండో పుస్తకం పొలుసు పురుగులన్నింటినీ ఒక గాటన కట్టి ఉండవచ్చు. అక్కడే గందరగోళం వచ్చింది. పిండినల్లి పద్ధతి అందరిదీ కాదు. గట్టి పెంకు కప్పుకునే డయాస్పిడిడే కుటుంబంలో చాలా జాతులకు ఆడవాటిలో 8 క్రోమోజోములుంటాయి. మగ పిండాలలో తండ్రి వంతు ముద్దకట్టి మిగలడానికి బదులు తొలిదశలోనే పూర్తిగా బయటికి పోయి, పెరిగిన మగదానికి 4 మాత్రమే ఉంటాయి. అది లెక్కకు కూడా ఏకస్థితికమే, అయినా తండ్రి లేకుండా పుట్టలేదు. మరికొన్నింటిలో ముద్దకట్టిన వంతు శుక్రకణాలు ఏర్పడే ముందు చాలావరకు మాయమవుతుంది. పాతకాలపు శాఖలైన ప్యూటో, మాట్సుకాకస్ వంటి వాటిలో ఆడదానికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒకటి ఉండే మామూలు పద్ధతే ఉంది. మిగతా వింతలన్నీ దాని మీద తర్వాత వచ్చి చేరినవి.

వీటన్నిటినీ మించినది ఐసీరియా పర్చేసై. 1880లలో కాలిఫోర్నియా నారింజ తోటలను పాడుచేసి, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన రొడోలియా అక్షింతల పురుగుతో లొంగినది, 1920ల చివర మన నీలగిరులలో తుమ్మజాతి చెట్ల మీద కూడా కనిపించినది ఇదే. చూడటానికి ఆడదిలా ఉండే ఈ పురుగు నిజానికి ఉభయలింగి. దాని జననాంగంలో బయటి కణాలు ద్వయస్థితికాలు, వాటికి 4 క్రోమోజోములు, అవి అండాలనిస్తాయి. లోపలి కణాలు ఏకస్థితికాలు, వాటికి 2, అవి శుక్రకణాలనిస్తాయి. తన గుడ్లను తనే ఫలదీకరించుకుంటుంది. ఎప్పుడైనా ఒక గుడ్డు ఫలదీకరణ తప్పించుకుంటే దాని నుంచి రెండే క్రోమోజోములున్న అసలైన మగది పుడుతుంది. అలాంటివి చాలా అరుదు. మొత్తం జంతువుకు ఏకస్థితికమా ద్వయస్థితికమా అని ముద్ర వేయడం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది, ఒకే శరీరంలో రెండూ పక్కపక్కనే కాపురముంటున్నాయి.

పిండినల్లిలోనే ఇంకో చోట క్రోమోజోముల వంతులు ఒకటీ కాదు, రెండూ కాదు, ఐదు. రసంలో దొరకని అమైనో ఆమ్లాల కోసం ఈ పురుగు కడుపులో ప్రత్యేక కణాలలో బాక్టీరియాను పెంచుకుంటుంది. ప్లానోకాకస్ సిట్రిలో ఆ బాక్టీరియా పేరు ట్రెంబ్లేయా. దాని జీనోము 139 వేల బేసు జతలే. దాని లోపల మోరనెల్లా అనే ఇంకో బాక్టీరియా కాపురముంటుంది. ఈ బాక్టీరియాను మోసే కణాలు పుట్టే తీరు వినండి. అండం తయారైనప్పుడు పనికిరానివిగా పక్కకు పోవలసిన ధ్రువదేహాలు ఇక్కడ పోవు. మొదటిదానిలో రెండు వంతులు, రెండోదానిలో ఒక వంతు, కలిసి మూడు వంతులవుతాయి. ఆ కేంద్రకం పిండంలోని ఒక మామూలు కేంద్రకంతో కలిసి ఐదు వంతులది అవుతుంది. అందులో నాలుగు తల్లివి, ఒక్కటే తండ్రిది. తండ్రి వాటాను తగ్గించడంలో ఈ పురుగుకు ఉన్నంత పట్టుదల వేరే దేనిలోనూ నేను చూడలేదు. తల్లి నుంచే సంక్రమించే బాక్టీరియాకు మగ సంతానంతో లాభం లేదు కనుక, తండ్రి వంతును తోసివేసే ఏర్పాటు వెనుక బాక్టీరియా హస్తం ఉండవచ్చునని కొందరు జీవపరిణామవేత్తలు వాదించారు. ఆకర్షణీయమైన వాదనే గాని, దాన్ని రుజువైనదిగా మీ వ్యాసంలో రాయకండి.

మందులకు లొంగకపోవడానికి దీనితో సంబంధం ఉందా అని మీరు చివరలో అడిగారు. సూత్రరీత్యా ఉంది. అంతర్గత జన్యువు ఆడదానిలో రెండు మోతాదులుంటే తప్ప బయటపడదు. మగదానిలో తల్లి నుంచి ఒక్కటి వచ్చినా బయటపడుతుంది, కాబట్టి వరణం దాని మీద త్వరగా పనిచేస్తుంది. కాఫీ కాయతొలుచు పురుగు మగవాటిలో కూడా తండ్రి వంతు ఇలాగే మూగబోతుంది. న్యూ కాలెడోనియాలో ఎండోసల్ఫాన్ నిరోధకత వ్యాపించడాన్ని దీనితోనే వివరించారు. అయితే తోటలో పిండినల్లికి మందు పనిచేయకపోతే ముందుగా మైనపు పూతనూ, చీమలనూ అనుమానించండి, క్రోమోజోములను ఆ తర్వాత చూద్దాము.

మీరే చూడాలనుకుంటే పెద్ద కష్టమేమీ లేదు. గుడ్లసంచి నుంచి తీసిన లేత పిండాలను మూడు పాళ్ళ ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ ఆమ్లంలో స్థిరీకరించి, అసిటోకార్మిన్‌లో కొంతసేపు ఉంచి, కవరుగాజు కింద బొటనవేలితో నొక్కండి. ఆ కార్మిన్ రంగు కూడా కొచినీల్ అనే పొలుసు పురుగు నుంచి వచ్చేదే. పురుగు రంగుతోనే పురుగు క్రోమోజోములు చూస్తున్నామన్నమాట. ఒక పిండంలో కేంద్రకాలన్నీ నునుపుగా రంగు పట్టి ఉంటాయి, పక్కనున్న పిండంలో ప్రతి కేంద్రకంలోనూ మిరియపు గింజ లాంటి ఒక్కో నల్లటి చుక్క ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు రంగు పాతబడి గడ్డకట్టిందనుకుని మంచి స్లైడ్లు నాలుగు కడిగేశాను. గడ్డలైతే కణాల బయట కూడా చెల్లాచెదురుగా ఉంటాయి, కేంద్రకానికి ఒకటి చొప్పున ఉండవు. పెద్ద మగపురుగు పేగునూ, విసర్జనకు పనికివచ్చే మాల్పీజియన్ నాళికలనూ మాత్రం ఈ పనికి వాడకండి. ఆ కణజాలాలలో తండ్రి వంతు మళ్ళీ వదులై పరుచుకుంటుందని నూర్ 1967లో చూపారు. అక్కడ నల్లచుక్క కోసం వెతికితే దొరకదు, మీరు మగదాన్ని పట్టుకుని ఆడదని రాసుకుంటారు.